ఉప్పు కలిపిన నీళ్లు

ఒక ముసలామె మీద పడిన నింద నిజానికి నాది. ఏడేళ్లుగా దాన్ని మోస్తున్నానని రాయబోయి ఆగాను. అది కూడా అబద్ధమే అవుతుంది. మొదటి మూడేళ్లు మోసింది ఆమె. ఆమె పోయాక గానీ ఆ బరువు నా మీదికి రాలేదు. వచ్చింది మొదలు దించుకునే చోటు దొరకక తిరుగుతున్నాను. అలిసిపోయాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పబోతే నా నోరు ముందు నన్ను కాపాడే మాటలే వెతుక్కుంటుంది. పదిహేనేళ్లుగా ఆడవాళ్ల ముఖాలకు మెరుగులు దిద్దే పనిలో ఉన్నాను కదా, మచ్చ ఎక్కడుంటే అక్కడ నాలుగు చుక్కలు ఎక్కువ అద్దడం చేతికి అలవాటైపోయింది. మీ దగ్గర ఆ పని చేయకూడదని కూర్చున్నాను. మధ్యలో చేస్తే పట్టుకోండి.

నాది బాన్సువాడలో ఒక బ్యూటీ పార్లర్. పేరు చెప్పను. కింద చెప్పుల దుకాణం, పైన నేను. మామూలు రోజుల్లో కనుబొమ్మలు చేయించుకునే కాలేజీ పిల్లలతో పొద్దు గడిచిపోతుంది. పెళ్లిళ్ల నెలలు వస్తే మాత్రం ఊపిరాడదు. బీర్కూరు, వర్ని, డోంగ్లి, ఎక్కడ పెళ్లయితే అక్కడికి మేకప్ పెట్టె పట్టుకుని మొదటి బస్సు ఎక్కాలి. డోంగ్లి వైపు పెళ్లిళ్లలో ఆడవాళ్లు మరాఠీలో నవ్వుకుంటూ పెళ్లికూతురి చుట్టూ చేరి నాకు చెయ్యి కదిపే చోటు కూడా ఇవ్వరు. వర్ని వైపు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు పూలజడ దగ్గర ఒక్క పువ్వు తగ్గినా ఒప్పుకోరు. ఎవరెట్లా ఉన్నా అందరూ కోరేది ఒకటే. ఫొటోల్లో బాగుండాలి.

అప్పట్లో రంగు లెన్సులు మా వైపు కొత్త. కంట్లో పెడితే నల్లటి కన్ను తేనె రంగులోకి మారేది. పక్క పట్నంలో పెళ్లికూతురికి పెట్టారని ఫొటో చూపించి, మాకూ అదే కావాలనేవాళ్లు. నిజామాబాదులో మూడు నెలలు పని నేర్చుకున్నప్పుడు అక్కడి మేడం వాటిని పెట్టడం, తీయడం చూపించింది. తీశాక సొల్యూషన్ పోసిన డబ్బీలో ఉంచాలని చెప్పింది. ఆ సొల్యూషన్‌లో ఏముంటుందని మాలో ఎవరో అడిగితే, "ఏముంటది, ఉప్పు నీళ్లే" అంది. తొందరలో, నవ్వుతూ అన్న మాట. ఆమె నేర్పినవి సగం మరిచిపోయాను. ఆ ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకున్నాను.

సొల్యూషన్ బాన్సువాడలో దొరికేది కాదు. నిజామాబాదు పోయి తెచ్చుకోవాలి. ఒక పెళ్లిళ్ల సీజన్‌లో, రేపు పెళ్లనగా బాటిల్ అయిపోయింది. పోయి రావడానికి ఒక పూట పడుతుంది. పార్లర్ నిండా మనుషులు. ఖర్చుకు వెనకాడి చేశానని అనుకోకండి, అలాగైతే కాస్త గౌరవంగానైనా ఉండేది. బద్ధకం. తీరిక లేకపోవడం. వీటన్నిటి కంటే పెద్దది, నా తెలివి మీద నాకున్న ముచ్చట.

పార్లర్ మూలలో ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఉండేది. మా దగ్గర ఆ నీళ్లంటే ఎంత నమ్మకమో చెబితే గానీ నేను చేసిన పని మీకు అర్థం కాదు. బోరు నీళ్లు తాగితే కీళ్లు పట్టేస్తాయని భయపడి బతికిన ఊళ్లు ఇవి. వాటర్ ప్లాంటు వచ్చాక ఆ క్యాన్ నీళ్లు మాకు మందుతో సమానం. పసిపిల్లలకు పాలపొడి కలిపేది వాటితోనే. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదీ అవే. మా అమ్మ దేవుడి పటాలు తుడిచేది కూడా వాటితోనే. అంత శుభ్రమైన నీళ్లు అనుకున్నాను. కాచి చల్లార్చాలని కూడా అనిపించలేదు. ఖాళీ అయిన సొల్యూషన్ బాటిల్‌లో ఆ నీళ్లు పట్టి, ఇంట్లో కూరకు వేసే ఉప్పు చిటికెడు వేసి, మూత బిగించి ఊపాను. నా కంట్లోనే ఒక చుక్క వేసుకుని చూశాను. మంట లేదు. చల్లగా ఉంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఈ చిన్న సంగతికా ఇన్నిసార్లు బస్సెక్కి పోయాను అని నవ్వుకున్నాను.

మర్నాటి పెళ్లికూతురికి ఏమీ కాలేదు. ఆ తర్వాతి వాళ్లకూ ఏమీ కాలేదు. పొద్దున పెట్టి, తలంబ్రాలు, ఫొటోలు అయ్యాక సాయంత్రానికి తీసేదాన్ని కదా. ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది. బాటిల్ ఖాళీ అయినప్పుడల్లా నింపడం అలవాటైంది. బాటిల్ మీద కంపెనీ లేబుల్ అలాగే ఉండేది. అది చెరిగిపోకుండా జాగ్రత్తగా పట్టుకునేదాన్ని.

అంటే నాకు తెలుసు. అది చేయకూడని పని అని తెలియకపోతే లేబుల్ గురించి ఎందుకు జాగ్రత్తపడతాను? ఈ ప్రశ్న నన్ను నేను అడగడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇక మమత గురించి చెప్పాలి. అసలు పేరు అది కాదు, ఇక్కడికి మమత అనుకోండి. బీర్కూరు దగ్గర ఒక ఊరి పిల్ల. వాళ్ల నాన్నకు వరి, చెరకు ఉన్నాయి. ఇంట్లో అమ్మ, నాన్న, ఒక అన్న, ఒక అక్క, నాన్నను కన్న అవ్వ. నన్ను పిలిచింది వాళ్ల అక్క పెళ్లికి. మమతకు అప్పుడు ఇరవై ఒకటో, ఇరవై రెండో. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. ముందు జరిగే రాతపరీక్ష గట్టెక్కింది. రోజూ తెల్లవారి మొదటి బస్సుకు బాన్సువాడ వచ్చి కాలేజీ గ్రౌండ్‌లో పరుగు తీసేది. చెమటతో, ఎర్రబడ్డ ముఖంతో కొన్నిసార్లు నా పార్లర్ మెట్ల మీద కూర్చుని నీళ్లు అడిగి తాగేది. ఆ క్యాన్ నీళ్లే. అద్దాల అవసరం లేని కళ్లు. ఆ ఉద్యోగానికి కంటిచూపు పరీక్ష ఉంటుందని, తనకు ఆ ఫికర్ లేదని గర్వంగా చెప్పేది.

పెళ్లిలో అక్కకు లెన్సులు పెడుతుంటే చూసి తనకూ కావాలంది. తేనె రంగువి ఇంకొక జత ఉంటే పెట్టాను. అద్దంలో చూసుకుని గట్టిగా నవ్వింది, నాకింకా గుర్తు. ఆ తర్వాత బోధన్‌లో రిసెప్షన్, మళ్లీ పుట్టింట్లో అక్కకు ఒడిబియ్యం పోసే వేడుక, అన్నిటికీ అవే ఉంచుకుంటానంది. సరే అని డబ్బీ ఇచ్చాను. బాటిల్ ఇచ్చాను. పడుకునేటప్పుడు తీసి ఇందులో వెయ్యి, పొద్దున ఇదే పోసి కడిగి పెట్టుకో అని చెప్పాను. పిల్ల చెప్పినట్టే చేసింది. చాలా శ్రద్ధగా చేసింది. రోజూ రెండు పూటలా.

ఆరో రోజో ఏడో రోజో కుడికన్ను ఎర్రబడింది. లెన్సులు తీసేసింది. దుమ్ము పడిందేమో అనుకున్నారు. అవ్వ పెరట్లో నందివర్ధనం పూలు కోసి, బోరు నీళ్లతో తడిపి, మూసిన కంటి మీద పెట్టింది. చలువ చేస్తుందని మా వైపు ఇప్పటికీ చాలా ఇళ్లలో చేస్తారు. రెండు చుక్కలు కంట్లో కూడా పిండింది. కన్ను ఎర్రబడ్డాకే పువ్వు పెట్టారు. ఈ వరుస మీరు గుర్తుంచుకోండి. ఆ ఇంట్లో వాళ్లందరికీ తెలిసిన వరుస ఇది. తర్వాత ఎవరూ గుర్తుంచుకోలేదు.

నొప్పి పెరిగింది. కన్ను ఎర్రగా ఉన్నదానికి అంత నొప్పేమిటని అందరికీ ఆశ్చర్యం. వెలుతురు చూడలేక తల మీద దుప్పటి కప్పుకుని కూర్చునేదట. నిజామాబాదులో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి నాకు ఫోన్ వచ్చింది.

మధ్యాహ్నం. కుర్చీలో ఒకావిడ ముఖం నిండా ప్యాక్ వేసుకుని కళ్లు మూసుకుని ఉంది. నేను చేతులు తుడుచుకుని ఫోన్ ఎత్తాను. మమత వాళ్ల అన్న.

"అక్కా, మేం దవాఖానల ఉన్నం. డాక్టర్ సార్ అడుగుతుండు. లెన్సులకు నీళ్లేమన్న తగిలినయా అని. మమతేమో బాటిల్ల మందే వాడిన అంటున్నది. ఆ బాటిల్ల ఉన్నది ఏందక్కా?"

ఇప్పుడు రాస్తుంటే ఆ ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య చాలాసేపు గడిచినట్టు ఉంది. ఏం గడవలేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను.

"కంపెనీ సొల్యూషనే తమ్మీ. సీలు నేనే తీసిన."

"నీళ్లు కలవలేదు గదా?"

"నీళ్లెందుకు కలుపుతరు? గట్ల కలపొద్దు."

అతను ఫోన్ చెవి దగ్గర ఉంచుకునే పక్కకు తిరిగి, "సీలు బాటిలేనంట సార్. నీళ్లు తగల్లేదంట" అన్నాడు. డాక్టర్ సరే అనడం నాకు వినబడింది. ఆ 'సరే'తో ఆ ప్రశ్న అక్కడ ముగిసిపోయింది. వైరస్ అనుకున్నారు. దానికి చుక్కల మందు రాశారు. ఆ డాక్టర్‌ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అడగాల్సింది ఆయన అడిగాడు. చెప్పాల్సింది నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? పోలీసు కేసు అవుతుందని భయపడ్డానా? పార్లర్ మూతపడుతుందనా? ఇన్నాళ్లు అలాగే అనుకున్నాను. అలా అనుకుంటే కాస్త న్యాయంగా కనబడుతుంది, పొట్టకూటి భయం కాబట్టి. కానీ ఆ క్షణంలో నా మనసులో ఉన్నది అది కాదు. ఉప్పు. కూరలో వేసే ఉప్పు తీసి సొల్యూషన్ బాటిల్‌లో వేసిందట అని జనం నవ్వుతారని. నిజామాబాదులో నేర్చుకొచ్చానని గొప్పలు పోతుంది గానీ ఇదీ ఈమె నేర్చింది అంటారని. సిగ్గు. ఒక ఆడపిల్ల కన్ను కంటే నా సిగ్గు నాకు ఎక్కువైంది.

ఫోన్ పెట్టేసి ఆవిడ ముఖం కడిగాను. గ్లో బాగా వచ్చిందని ఆవిడ మెచ్చుకుంది.

ఆ చుక్కల మందుతో ఒక రోజు తగ్గినట్టు ఉండటం, మళ్లీ రెండు రోజులు పెరగడం. మూడు వారాలు అలా గడిచాయి. నల్లగుడ్డు మీద తెల్లగా ఉంగరంలా పొర కమ్మింది. అప్పుడు హైదరాబాదు పోయారు. అక్కడ కంటి మీద నుంచి కొద్దిగా గీకి తీసి పరీక్ష చేసి, అమీబా అన్నారు. నీళ్లలోనూ మట్టిలోనూ ఉండే, కంటికి కనబడని పురుగు. శుభ్రం అనుకున్న నీళ్లలో కూడా ఉంటుందట. లెన్స్ పెట్టుకునేవాళ్లకు ఎక్కువ వస్తుందట, లెన్స్ కింద చేరి నల్లగుడ్డును తొలుస్తుందట. మొదట్లోనే పట్టుకుని ఉంటే చూపు చాలావరకు నిలిచేదని డాక్టర్ అన్నాడట. ఇంత ఆలస్యమయ్యాక చెప్పలేమన్నాడట.

ఇవన్నీ నాకు మమత వాళ్ల ఊరి ఆడవాళ్లు కుర్చీలో కూర్చుని చెప్పినవే. నేను దారంతో కనుబొమ్మలు తీస్తూ విన్నాను. ఒక్క గీత కూడా వంకర పోలేదు. ఆ సంగతి కూడా రాయాలి.

నీళ్లు ఎలా తగిలి ఉంటాయని డాక్టర్ అడిగితే, సొల్యూషన్ సీలు బాటిల్‌దేనని వాళ్లు చెప్పారు. అప్పుడు ఎవరికో అవ్వ పెట్టిన పువ్వు గుర్తొచ్చింది. బోరు నీళ్లతో తడిపిన పువ్వు. దాంతో కూడా రావచ్చు, ఇప్పుడు అది ముఖ్యం కాదు, మందులు వేద్దాం అన్నాడట ఆయన. దాంతో కూడా అన్నది ఊరికి చేరేసరికి దాంతోనే అయింది. మమత వాళ్ల నాన్న హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, కన్నతల్లిని పక్కనున్నవాళ్లందరూ వినేలా తిట్టాడట. ఆ పిల్ల బతుకు బుగ్గిపాలు చేసినవ్ అన్నాడట.

అది విన్న రోజు నాకేమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. దాచకుండా చెబుతున్నాను. ఒక్క నిమిషమే కావచ్చు, కానీ గుండెల మీది నుంచి చెయ్యి తీసినట్టు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ బాటిల్ ఇంకా వాళ్లింట్లోనే ఉంది.

మర్నాడే బీర్కూరు బస్సెక్కాను. పరామర్శకు పోతున్నానని పక్కవాళ్లతో చెప్పాను. చేతిలో అరటిపళ్లు కూడా ఉన్నాయి. ఆ ఇంట్లో అప్పుడు అవ్వ ఒక్కతే. మిగతావాళ్లు హైదరాబాదులో. అరుగు మీద రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పెరటి వైపు నందివర్ధనం చెట్టును మొదట్లో నరికేశారు. నరికిన చోట ఇంకా పాలు కారుతున్నాయి. తానే నరికానని చెప్పింది.

మమత బట్టలేమైనా పంపించాలా, సర్దిపెడతాను అన్నాను. లోపలికి పోయాను. కిటికీ గూట్లో డబ్బీ, దాని పక్కన బాటిల్. సగం ఉంది. రెండూ సంచిలో వేసుకున్నాను. బయటికి వచ్చి, వెళ్తానవ్వా అన్నాను. ఆమె నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇంట్ల ఎవ్వల్లేరు బిడ్డా. ఊర్లున్నోళ్లు గూడ నాతోటి మాట్లాడుతలేరు. నువ్వు కండ్ల పని నేర్చినదానివి, నీకు ఎర్కుంటది. నిజం జెప్పు. నేను పువ్వు వెట్టిన దానికే పోయిందా పొల్ల కన్ను?"

సంచి నా ఒళ్లో ఉంది. బాటిల్ మోకాలికి తగులుతోంది.

"అట్లనే అంటుండ్రు గదవ్వా" అన్నాను.

"మా అమ్మ నాకు వెట్టేది. నా కొడుక్కు నేను వెట్టిన. ఎవ్వలికేం గాలె."

"అప్పటి నీళ్లు వేరు, ఇప్పటి నీళ్లు వేరవ్వా."

ఎవరడిగారు నన్ను ఆ మాట అనమని? ఏమో తెలియదవ్వా అంటే సరిపోయేది. దానికి కూడా ఓపిక లేకపోయిందా? లేదు, ఆమె మనసులో మిగిలిన ఆ కాస్త అనుమానం కూడా నాకు భయంగా తోచింది. అది కూడా ఆరిపోవాలి అనుకున్నాను. ఆరిపోయింది. ఆమె తల ఊపింది. "నిజమే బిడ్డా, నేనే సూస్కోలె" అంది. బస్సు టైం అవుతోందని నన్ను పొమ్మంది. అరటిపళ్లలో సగం తిరిగి నా చేతిలో పెట్టి, దారిలో తినమంది.

బాన్సువాడ బస్టాండు బాత్రూంలో బాటిల్ ఒంపేశాను. ఖాళీ బాటిల్ చెత్తడబ్బాలో వేశాను. ఏ వాసనా లేదు, ఏ రంగూ లేదు. నీళ్లలానే ఉన్నాయి.

మమత కుడికన్ను చూపు పోయింది. పోయిందంటే పూర్తిగా చీకటి కాదు, వెలుతురు తెలుస్తుంది, ముఖం ముందు చెయ్యి ఆడిస్తే నీడలా కదులుతుంది. గంట గంటకూ చుక్కలు వేసుకుంటూ నెలల తరబడి మందులు వాడితే పురుగు చచ్చింది, మచ్చ మిగిలింది. నల్లగుడ్డు మీద తెల్లగా. పోలీసు ఉద్యోగం మాట ఇక ఎత్తలేదు. గ్రౌండ్‌కు రావడం మానేసింది. బి.ఎడ్. చేసి, బాన్సువాడలోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేరింది.

అవ్వ ఆ తర్వాత మూడేళ్లు బతికింది. ఆ మూడేళ్లలో మనవరాలి ముఖం మీద చెయ్యి వేయలేదట. జ్వరం వచ్చి పడుకున్నా దూరంగా నిలబడి చూసేదట. పక్కింటి బాలింత పసివాడిని ఒళ్లో పెట్టబోతే, వద్దు బిడ్డా, నా చేతులు మంచివి గావు అందట. ఇది కూడా నేను కుర్చీ పక్కన నిలబడి విన్న మాటే. దినాలకు పోయాను. అందరితో పాటు భోజనం చేసి వచ్చాను. ఆ రోజు నుంచే నాకు ఈ అలసట. ఎంత పడుకున్నా తీరదు.

నేను లెన్సులు పెట్టడం మానేసి ఏడేళ్లయింది. ఎవరైనా అడిగితే, నీ కళ్లకు అవసరం లేదమ్మా, ఇట్లనే బాగున్నాయి అంటాను. పాతకాలం మనిషి అని కొందరు వేరే పార్లర్లకు పోయారు. పోనీ అనుకున్నాను. అదొక శిక్షలా అనుభవిస్తున్నట్టు నన్ను నేను మెచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఎంత చవక శిక్ష! నేను పెట్టడం మానేశాను గానీ, ఎందుకు మానేశానో ఒక్కరికి చెప్పలేదు. పక్క వీధిలో కొత్తగా పార్లర్ పెట్టిన పిల్ల తన లెన్సులను ఏ నీళ్లలో ఉంచుతోందో ఒక్కసారైనా పోయి అడగలేదు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మమత వచ్చింది. ఆ రోజు స్కూల్ ఒంటిపూటే. పార్లర్లో ఎవరూ లేరు. కుర్చీలో కూర్చుని సంచిలోంచి ఒక కొత్త డబ్బీ తీసింది.

"అక్కా, గీ లెన్సు హైదరాబాద్ల నా కంటి కొలత తీస్కొని చేసిచ్చిండ్రు. ఇది వెట్టుకుంటే తెల్ల మచ్చ కనవడదు. అక్కడ నర్సు వెట్టి సూపెట్టింది, మంచిగనే ఉన్నది. ఇంటికొచ్చినంక నా చేతులు ఆగుతలేవు. నువ్వు నేర్పియ్యి."

"మళ్ల దవాఖానకే పో మమతా. వాళ్లే నేర్పిస్తరు."

"పిల్లలు టీచర్ కన్నుల తెల్ల పూసుందా అని అడుగుతుండ్రు. ఊకె హైదరాబాద్ ఏడ పోను?" అని నవ్వింది. "నువ్వైతే నాకు ధైర్యమక్కా. అప్పుడు అందరు అవ్వను అన్నరు గని, నీ సామాన్ల వంక వెట్టెటందుకు ఏం లేకుండె. సీలు బాటిల్ తప్ప వాడకపోతివి."

నేను చెప్పిన అబద్ధాన్ని ఆమె ఏడేళ్లు నమ్మకంగా దాచుకుని, నాకే తెచ్చి ఇచ్చింది. నేను ధైర్యం చేశానని అనుకోకండి. ధైర్యం కాదు అది. ఇక ఓపిక లేకపోయింది. డబ్బీ ఆమె చేతిలోనే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు.

"ఆ బాటిల్ల సొల్యూషన్ లేకుండె మమతా. ఫిల్టర్ నీళ్లు. ఉప్పు నేనే కలిపిన. మీ అన్న ఫోన్ చేసి అడిగితే అబద్ధం జెప్పిన. తర్వాత మీ ఇంటికొచ్చి బాటిల్ గూడ నేనే తీస్కపోయిన."

ఏడేళ్లు గొంతులో ఉన్నది, చెప్పడానికి అంతసేపే పట్టింది. నన్ను చూడటానికి ఆమె తల కొద్దిగా కుడివైపు తిప్పింది. ఎడమకన్నుతోనే చూడాలి కాబట్టి అలా తిప్పుకోవడం అలవాటైంది ఆమెకు. అరుస్తుందని ఎదురుచూశాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆమె అడిగింది. తన కన్ను గురించి కాదు. ఉద్యోగం గురించి కాదు.

"అవ్వకు ఎర్కనా?"

"లేదు."

"నిన్ను అడిగిందా?"

"అడిగింది."

"ఏం జెప్పినవ్?"

చెప్పాను. అప్పటి నీళ్లు వేరు, ఇప్పటి నీళ్లు వేరు అన్నానని. మాట మార్చకుండా, అన్నది అన్నట్టే చెప్పాను. మమత డబ్బీ సంచిలో పెట్టుకుంది. లేచి చెప్పులు వేసుకుంది. ఆ కన్నూ ఈ కన్నూ రెండూ నిండాయి, తుడుచుకోలేదు. మెట్ల దగ్గర ఆగింది.

"ఇంట్ల నేను జెప్త. నువ్వు మా ఇంటికి రాకు."

పోయింది. క్షమించమని నేను అడగలేదు. అడిగే వీలు ఆమె ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం. వాళ్ల నాన్న కాళ్ల మీద పడాలని, అవ్వను పెట్టిన చోటికి పోయి ఏడవాలని నేను అప్పటికే లోపల అనుకుని ఉన్నాను. అవన్నీ ఆ ఒక్క మాటతో ఆపేసింది. ఆ ఇంటి దుఃఖం మీద ఇక నాకు ఏ హక్కూ లేదు. అందుకే ఇలా, ముఖం తెలియని మీకు రాసుకుంటున్నాను.

నెల గడిచింది. ఇంట్లో చెప్పిందో లేదో తెలియదు. ఎవరూ రాలేదు. బీర్కూరు వైపు నుంచి వచ్చేవాళ్లు కొంచెం తగ్గారు, అది సీజన్ వల్లనో, మరెందువల్లనో. పక్క వీధి పార్లర్ పిల్ల దగ్గరికి మాత్రం పోయి వచ్చాను. నీళ్ల సంగతి చెప్పాను. నీకెట్ల తెలుసక్కా అని అడిగింది. నేను చేశాను కాబట్టి తెలుసు అన్నాను.

తేలికైందా అంటే, అయింది. ఒకరి కన్ను పోయాక, ఒకరి ప్రాణం నిందతోనే పోయాక, నాకు తేలికవడమేమిటని సిగ్గుగా కూడా ఉంది. అయినా అయింది. కాలేదంటే అది ఇంకో అబద్ధం.